జీలకర్రకి రోజుకో పేపరు

మా వసారాలో నులక మంచం మీద పాత దోమతెర పరిచి, దాని మీద బూడిదరంగు ముద్దలు చిదిమి ఆరబెట్టి ఉంటాయి. గేటు ముందు నుంచి వెళ్లేవాళ్లు ఆగి, "ఏం వడియాలు పెట్టావు వదినా?" అంటారు. "వడియాలు కాదు, పేపరు" అంటాను. "పేపరు నానబెట్టి ఆరబెట్టుకోటం ఏంది, చోద్యం కాకపోతే!" అని లోపలికొచ్చి ముట్టుకుని చూస్తారు. అప్పుడు అసలు సంగతి చెప్పాలి కదా, ఇది మా పిల్లి బాత్రూముకి అని. ఆ మాట చెవిన పడగానే చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటారు. ఇంకా వాడలేదు మొర్రో అన్నా సరే, కుళాయి దగ్గరికెళ్లి చెయ్యి కడుక్కునే పోతారు.

అడిగిన ప్రతివాళ్లకీ నిలబడి చెప్పేకంటే ఒకసారి కూచుని రాసేస్తే నయమనిపించింది. పిల్లిని ఇంట్లో పెంచుకునేవాళ్లకి పనికొస్తుంది. ముఖ్యంగా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే.

మాది పినపాక. ఒక పక్క గోదారి, ఒక పక్క అడవి. మావారికి మణుగూరు ఓపెన్‌కాస్టులో డ్యూటీ, ఒక వారం పొద్దున షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. మా వైపు పిల్లిని ఇంట్లో కట్టడి చేసి పెంచటం అలవాటు లేదు. పిల్లి అంటే దాని దారిన అది తిరిగి, ఎలకని పట్టి, అన్నం వేళకి వచ్చి పాలో పెరుగో నాకిపోయే జీవం. కానీ ఇప్పుడు బయట దానికి బతికే దారి తక్కువ. రోడ్డెక్కితే బొగ్గు లారీలు. సందులో కుక్కల గుంపు. వానాకాలం వస్తే రక్తపింజరులు, కట్లపాములు. చేలల్లో ఎలకల మందు. మందు తిన్న ఎలకని తిని మా ఇంతకుముందు పిల్లి మూడు రోజులు నురగలు కక్కి పోయింది. అందుకని ఈసారి దాన్ని గడప దాటనివ్వకూడదని ముందే అనుకున్నాను.

ఈసారి వచ్చింది జీలకర్ర. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు, భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి చేరిందే, అప్పుడు. (మా అత్తమ్మ లెక్కలో అది వరదే కాదు. 86లో 75.6 అడుగులు వచ్చింది, అదీ వరదంటే.) ఒడ్డునున్న ఊళ్ల నుంచి చుట్టాలు సామాన్లతో ట్రాక్టరు మీద మా ఇంటికొచ్చారు. దింపుతుంటే పరదా మడతల్లోంచి అరచేతిలో పట్టేంత కూన ఒకటి బయటపడింది. ఒంటి మీద బూడిద, గోధుమ కలిసిన చారలు, అచ్చం జీలకర్ర రంగు. ఎవరిదో ఎవరికీ తెలియదు. నీళ్లు తీశాక చుట్టాలు వెళ్లిపోయారు, ఇది ఉండిపోయింది.

ఇంట్లో ఉంచాలంటే మొదటి ప్రశ్న దాని దొడ్డి సంగతే. అత్తమ్మ పొయ్యిలో బూడిద పళ్లెంలో పోసి పెట్టేది. పూర్వం అందరూ చేసిందదే. బూడిద తడిని బాగానే పీలుస్తుంది, వాసనా తక్కువే. కాకపోతే పిల్లి అందులోంచి బయటికొచ్చి వంటింట్లో, దేవుడి గదిలో, ఉతికి మడతేసిన దుప్పట్ల మీదా ముగ్గులు పెడుతుంది. పైగా కాళ్లకంటిన తడి బూడిదనంతా నాకుతుంది. ఇసుక బరువు, తడిస్తే చీమలు. వడ్లమిల్లు నుంచి ఊక తెస్తే ఫ్యాను గాలికి ఇల్లంతా ఎగిరింది.

బూడిద ముద్రల బాధ మనదే అనుకునేరు. ఇప్పుడు షాపుల్లో సంచుల్లో అమ్మే లిట్టర్ పుట్టిందే ఆ బాధలోంచి. 1947లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే ఆయన దగ్గరికి పక్కింటావిడ ఇసుక అడగటానికి వచ్చిందట. పిల్లికి బూడిద పోసి పోసి, ఇంటి నిండా అడుగుల గుర్తులు తుడవలేక. ఆయన దగ్గర ఫ్యాక్టరీల్లో నేల మీద ఒలికిన నూనె పీల్చటానికి వాడే ఎండబెట్టిన మట్టి రవ్వ ఉంటే, ఇది వాడి చూడమని ఇచ్చాడు. ఆవిడకి నచ్చింది, ఆయన సంచుల్లో పోసి 'కిట్టీ లిట్టర్' అని పేరు పెట్టి అమ్మాడు, కోటీశ్వరుడయ్యాడు. తుడిచి తుడిచి విసిగిందేమో ఆవిడ, వ్యాపారమేమో ఆయనది!

మేమూ ఆ మట్టి సంచి ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఐదు కిలోలు ఆరేడు వందలు, మా ఊరికి చేరేసరికి వారం పది రోజులు. వానకి రోడ్డు తెగితే ఇంకా ఎక్కువ. పేపరు సంగతి అప్పటికి నా ఆలోచనలో లేదు. మరుసటేడు జీలకర్రకి పిల్లలు పుట్టకుండా ఖమ్మం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించినప్పుడు పశువుల డాక్టరుగారు చెప్పారు: "పది రోజులు మట్టి, ఇసుక వద్దమ్మా. దుమ్ము కుట్లకి అంటుకుంటుంది. న్యూస్‌పేపరు చింపి వెయ్యండి." అలా మొదలైంది. పది రోజులనుకున్నది అలాగే ఉండిపోయింది.

ఉత్త చింపిన పేపరు మొదట్లో ఫరవాలేదనిపిస్తుంది గానీ, తడిసి పలకలా అడుగుకి అతుక్కుపోతుంది. పిల్లికి గోకటానికి, కప్పిపెట్టటానికి ఏమీ ఉండదు. కప్పిపెట్టుకోలేకపోతే దానికి మనశ్శాంతి ఉండదు, ఎంత సేపూ గోకుతూనే ఉంటుంది, చివరికి సోఫా వెనక్కి పోతుంది. టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురికి చెబితే నవ్వి, అక్కడ పాత పేపర్లని గుళికలుగా చేసి 'ఎస్టర్‌డేస్ న్యూస్' అని అమ్ముతారు పెద్దమ్మా, అంది. నిన్నటి వార్తలు! ఎవరు పెట్టారో గానీ పేరు భలే పెట్టారు. ఇంట్లో చేసుకునే పద్ధతి కూడా తనే ఫోన్లో చూపించింది. దాన్ని మా ఇంటికి తగ్గట్టు నేను మార్చుకున్నాను.

వారం రోజుల పేపరు దగ్గర దగ్గర కిలో తూగుతుంది. దాన్ని వేలెడు ముక్కలుగా చింపి బకెట్లో వేసి, వేడి నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా వేసి రాత్రంతా నానబెడతాను. పొద్దున్నే చేత్తో పిసికితే గుజ్జవుతుంది. సిరా దిగి నీళ్లు నల్లగా ఉంటాయి, వంపేసి మళ్లీ రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఇది మాత్రం బద్ధకించొద్దు. లేకపోతే తెల్ల కాళ్ల పిల్లికి నల్ల మేజోళ్లు వస్తాయి, సబ్బు మిగిలితే దాని నోట్లోకి పోతుంది. తరవాత బట్టలు పిండినట్టు గట్టిగా పిండి, రెండు మూడు చెంచాల వంటసోడా చల్లి, ఇంకోసారి పిండి, ఉప్మారవ్వ ఉండలు చిదిపినట్టు చిదిమి దోమతెర మీద ఆరబెట్టటం. ఏప్రిల్, మే ఎండలకి రోజున్నరలో గలగలలాడుతుంది. లోపల తడి ఉండగా డబ్బాలో పోస్తే బూజు పట్టి ముక్కిపోతుంది. గుజ్జు చేశాక ఎందుకు బాగుందంటే, రవ్వరవ్వగా ఉంటుంది కాబట్టి పిల్లి గోకి కప్పుకోగలదు. మట్టి నుంచి పేపరుకి మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చకండి. పిల్లికి కొత్తదంటే అనుమానం. మట్టిలో గుప్పెడు పేపరు కలిపి, రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోతే రెండు వారాల్లో అలవాటవుతుంది.

అన్ని కాగితాలూ దీనికి పనికిరావు. మాకు దగ్గర్లోనే సారపాకలో కాగితం మిల్లుంది కదా, ఐటీసీ వాళ్లది, 1979 నుంచి నడుస్తోంది. జామాయిలు, సుబాబుల్ కర్రల లారీలు మణుగూరు రోడ్డు మీద అటు పోతూనే ఉంటాయి. మా అబ్బాయి చిన్నప్పటి క్లాస్‌మేట్ నోటుపుస్తకాలు అటకెక్కి ఉంటే, ఇవన్నీ నానేద్దామనిపిస్తుంది ఎవరికైనా. కానీ రాసుకునే కాగితం తడిని తొందరగా తీసుకోదు. పెన్ను సిరా పాకకుండా దానికి తయారీలోనే ఒక పదార్థం పట్టిస్తారు. న్యూస్‌పేపరుకి ఆ పట్టింపు ఉండదు, నీటిచుక్క పడగానే లాగేసుకుంటుంది. ఆదివారం పుస్తకం నున్నటి పేజీలదీ అదే కథ, పైన పూత. అవి పక్కన పెట్టి పాతపేపర్లవాడికి వేస్తాను.

ఇంతవరకూ పని సంగతి. అసలు గొడవ అత్తమ్మతో వచ్చింది.

మా అత్తమ్మకి 78 ఏళ్లు. కాలికి కాగితం ముక్క తగిలినా వంగి కళ్లకద్దుకునే మనిషి. కాగితమంటే సరస్వతి. ఆ కాగితం మీద పిల్లి... ఆ మాట ఆవిడ నోటితో అనలేదు, చెవులు మూసుకుంది. "అక్షరమ్ముక్క ఉన్న కాగితాన్ని దాని కింద వేస్తావంటే నేను ఈ ఇంట్లో మంచినీళ్లు ముట్టను" అంది. ఎగతాళి చేసే మాట కాదిది. మనమందరం పుస్తకం కిందపడితే దణ్ణం పెట్టుకుని పెరిగినవాళ్లమే. పిల్లలకి నేర్పిందీ అదే.

ముందు ఆవిడే ఒక దారి కనిపెట్టింది. రోజూ మధ్యాహ్నం కళ్లజోడు పెట్టుకుని పేపర్లు ముందేసుకుని కూచుంటుంది. దేవుడి బొమ్మ ఉన్న పేజీ ఒక పక్క. శ్రీరామనవమి మర్నాడు భద్రాద్రి కల్యాణం ఫొటోలతో వచ్చే పేపరైతే మొత్తానికి మొత్తం పక్కన. శ్రద్ధాంజలి ప్రకటనల్లో పోయినవాళ్ల ఫొటోలు ఇంకో పక్క. "పాపం ఎవరి అమ్మో, ఎవరి అయ్యో, వాళ్ల మొహం మీదా?" అంటుంది. ఆ మాట నాకూ సబబనిపించి, కత్తెరించి ఇవ్వటం మొదలుపెట్టాను. రాజకీయ నాయకుల ఫొటోలు మాత్రం ఏ పక్షమూ చూడకుండా బకెట్లో వేస్తుంది. కత్తిరించినవన్నీ కవర్లో దాచి, భద్రాచలం వెళ్లినప్పుడు గోదాట్లో కలపాలని ఆవిడ పథకం. గోదారికి ఆ బరువెందుకని, కొబ్బరిచెట్టు మొదట్లో పాతుదామని ఒప్పించేసరికి నాకు నెల పట్టింది.

అక్షరాల సంగతి మాత్రం తేలలేదు. ఒకరోజు నేను గుజ్జు పిసుకుతుంటే పీట వేసుకుని పక్కన కూచుంది. చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఇంక అక్షరం ఏదే? నీళ్లల్లో కలిసిపోయింది. నిమజ్జనం అయినట్టే" అంది. అంతే. ఆ రోజు నుంచి పిండటం ఆవిడ పని కూడా. గుజ్జు చెయ్యని ఉత్త చింపిన పేపరు వేస్తే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

ఇక అన్నిటికంటే పెద్ద పరీక్ష 2024లో వచ్చింది. మా పెద్దమ్మాయికి ఏడో నెలలో శ్రీమంతం చేసి తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకొచ్చాం. అది రాకముందే మా వియ్యపురాలు ఫోను చేసింది. "వదినగారూ, ఏమీ అనుకోవద్దు. మీ ఇంట్లో పిల్లి ఉందట కదా. కడుపులో బిడ్డకి ప్రమాదమని అందరూ అంటున్నారు. ఎక్కడన్నా వదిలేయండి." ఆవిడ తీరు మర్యాదగానే ఉంది, భయం నిజమే. అత్తమ్మ ఆ మాట పట్టుకుంది. ఇన్నాళ్లూ పేపరు పిండిన మనిషే, "గోనెసంచిలో వేసి ఏరు దాటించి రమ్మను. ఏరు దాటిస్తే తిరిగి రాదు" అంది. మావారు "నీ ఇష్టం" అన్నారు. నీ ఇష్టం అంటే రేపు ఏదన్నా అయితే నీదే పూచీ అని అర్థం, మీకందరికీ తెలిసిందే.

ఏరవతల అడవిలో వదిలితే, పుట్టి బుద్ధెరిగాక గడప దాటని ఆ పిల్లి వారం బతకదు. ఉంచుకుంటే, దేవుడి దయ లేక బిడ్డకి ఏ చిన్న లోపం వచ్చినా జన్మంతా మాట పడేది నేనే, నలిగేది నా కూతురు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

భద్రాచలంలో చూపించుకునే డాక్టరమ్మని అడిగాం. ఆవిడ విసుక్కోలేదు, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి. అది పిల్లి పేగుల్లో పెరిగి దాని మలంలో గుడ్ల లాంటివి వదులుతుందని 1970 ప్రాంతంలో తేలింది. అయితే ప్రతి పిల్లికీ ఉండదు. ఎలకనో పిట్టనో పచ్చి మాంసమో తిన్న పిల్లికి సోకుతుంది. సోకినా సాధారణంగా మొదటిసారి ఒకటి నుంచి మూడు వారాలే ఆ గుడ్లు వదులుతుంది. ఇంట్లోనే ఉండి ఉడికిన అన్నం తినే పిల్లితో ముప్పు చాలా తక్కువ. ఆవిడ ఎక్కువ గట్టిగా చెప్పింది వేరే వాటి గురించి: మాంసం బాగా ఉడకాలి, గోంగూర, తోటకూర లాంటివి రెండు మూడు నీళ్లలో కడగాలి, మట్టిలో చెయ్యి పెడితే సబ్బుతో కడుక్కోవాలి. మా అమ్మాయికి రక్తపరీక్ష రాసింది. 'ఇంతవరకూ సోకలేదు' అని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పూర్వమెప్పుడో సోకి తగ్గినవాళ్లకి రక్షణ ఉంటుందట, ఎన్నడూ సోకని గర్భిణీకే కొత్తగా సోకకుండా జాగ్రత్త ఎక్కువ కావాలట. మన ఆడపిల్లలకి ఈ తేడా చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆవిడ చివర చెప్పిన మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. మలంలో పడిన ఆ గుడ్లు పడిన వెంటనే ఎవరికీ అంటవు. అంటే స్థితికి రావటానికి తక్కువలో తక్కువ ఒక రోజు, ఒక్కోసారి ఐదు రోజుల దాకా పడుతుంది. కాబట్టి గర్భిణీ కాక వేరేవాళ్లు ఏ రోజుది ఆ రోజు తీసి పారేస్తే భయం చాలావరకు అక్కడే పోతుంది.

ఏ రోజుది ఆ రోజు! పేపరు లిట్టర్ మీద లోకమంతా చెప్పే ఫిర్యాదే అది కదా. మట్టి రకం తడికి ఉండ కడుతుంది, ఆ ఉండ తీసేస్తే మిగతాది రెండు మూడు వారాలు వాడుకోవచ్చు. పేపరు ఉండ కట్టదు, మర్నాటికి అమోనియా వాసన కొడుతుంది, మొత్తం పారబోసి కొత్తది పొయ్యక తప్పదు. బద్ధకించే వీలు అది మనకివ్వదు. ఒక రోజు పేపరు గుజ్జు చేస్తే సరిగ్గా ఒక రోజు జీలకర్రకి సరిపోతుంది. ఇది నేను వియ్యపురాలికి ఫోన్లో చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అయితే పారబోసేది ఎవరు?" అంది. నేనే అన్నాను. "అమ్మాయి ఆ గది వైపు వెళ్లదు కదా?" వెళ్లదన్నాను. "సరే వదినగారూ, మీ మీద నమ్మకం" అంది. ఆ నమ్మకం మోయటం పిల్లిని మోయటం కంటే బరువు.

మూడు నెలలు పొద్దున ఆరింటికి చేతికి గ్లవుజులు వేసుకుని తొట్టి ఖాళీ చేసి, మరుగునీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, రెండో తొట్టిలో కొత్తది పోసేదాన్ని. ఒక్క రోజు మానలేదు, జ్వరమొచ్చిన రోజు మావారితో చేయించాను. వాడినదాన్ని పెరట్లో ఈశాన్యం వదిలేసి మూల గొయ్యి తీసి అందులో వేసి మట్టి కప్పటం. పేపరు కాబట్టి మట్టిలో కలిసిపోతుంది. అయితే ఆ గొయ్యి ఆకుకూర మడికి దూరంగా ఉండాలి. ఆ ఎరువు పూలచెట్లకే గానీ తినే మొక్కలకి వద్దు. కమోడ్‌లో వేసి నీళ్లు పోసేస్తే సరి అనుకోకండి, పైపు పూడుకుంటుంది, పరాన్నజీవి నీళ్లలో పడి ఎటో పోతుంది.

మనవడు పుట్టాడు, మూడు కిలోల వంద గ్రాములు. పురిటి గది తలుపు మూసే ఉంచాం, పిల్లి ఉయ్యాలెక్కకుండా. జీలకర్ర ఆ తలుపు బయట గడపకి ఆనుకుని పడుకునేది. అత్తమ్మ దాన్ని చూసి "కాపలా కాస్తున్నట్టు చూడు దీని వేషాలు" అని తిట్టేది గానీ, ఏరు దాటించే మాట మళ్లీ ఎత్తలేదు.

కష్టం లేదని చెప్పను. ఆగస్టు ముసురులో గుజ్జు ఆరదు. వంటింటి అటక మీద తాడు కట్టి ఆరబెట్టినా నాలుగైదు రోజులు, ఇల్లంతా తడి కాగితం కంపు. అందుకని మేలోనే రెండు డ్రమ్ములు చేసి మూత బిగించి పెట్టుకుంటాను. ఇద్దరు ముగ్గురు పిల్లులున్న ఇంట్లో ఇది నెగ్గుకు రావటం కష్టం, మట్టి రకమే నయం. ఉద్యోగానికి పోయే ఆడవాళ్లని ఇలా గుజ్జు పిసుక్కోమని నేను చచ్చినా అనను. కొనుక్కునే గుళికలు దొరికితే హాయిగా కొనుక్కోండి. పాతపేపర్లు అమ్మితే కిలోకి పదో పన్నెండో వస్తాయి, ఆ లెక్కన జీలకర్ర ఖర్చు నెలకి యాభై రూపాయలు, నా రెక్కలు కాక.

మొన్న మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది, వాళ్ల అపార్టుమెంట్లో ఒకావిడ పిల్లికి ఆపరేషనట, ఒక సంచి పంపగలవా అని. మణుగూరు వెళ్లి ఆర్టీసీ కార్గోలో వేస్తానని మూడు కిలోలు తూచి మూట కడుతున్నాను. అత్తమ్మ మంచం మీంచి తొంగి చూసి అడిగింది: "కిలో ఎంతకిస్తున్నావే?"